అనుభవం అక్కర్లేదు, అడ్వాన్సు చాలు

బ్రిటన్‌లో పబ్బులు అద్దెకిచ్చే కంపెనీల ప్రకటనలు చదివితే, కవిత్వం ఇంకా బతికే ఉందని నమ్మకం కుదురుతుంది. ముందు ఒక ఫొటో. రాతి గోడలు, లోపల చలిమంట, కిటికీల కింద పూలకుండీలు, ఆ దేశంలో ఏడాదికి నాలుగు రోజులు మాత్రమే కనిపించే నీలాకాశం. కింద వర్ణన. ఊరి నడిబొడ్డున ఉంది, వ్యాపారం పెంచుకోవడానికి బోలెడు అవకాశం ఉంది, పై అంతస్తులో కాపురానికి గదులున్నాయి, ఇకనుంచి మీకు మీరే యజమాని. చిట్టచివర అసలు వరం: ముందస్తు అనుభవం అవసరం లేదు, శిక్షణ మేమే ఇస్తాం. కొరియర్ కుర్రాడి ఉద్యోగానికి కూడా రెండేళ్ల అనుభవం అడిగే కాలంలో, ఏడాదికి లక్షల పౌండ్లు చేతులు మారే వ్యాపారాన్ని, దానితోపాటు మద్యం అమ్మే బాధ్యతను, ముక్కూమొహం తెలియని మనిషికి ఇంత ఉదారంగా అప్పగిస్తున్నారంటే ఆ ఔదార్యం ఎక్కడ పుట్టిందో ఆరా తీయక తప్పదు. తీస్తే తేలేది ఏమిటంటే, అది ఔదార్యం కాదు. అద్దె లెక్కలో ఒక పద్దు. అనుభవం లేనివాడు ఆ వ్యాపారానికి అడ్డంకి కాదు, ముడిసరుకు.

పబ్బు అనగానే జూబ్లీహిల్స్‌లో చెవులు చిల్లులు పడే సంగీతం, అర్ధరాత్రి పోలీసు తనిఖీలు గుర్తొస్తే అది వేరే సరుకు. ఇంగ్లండు పల్లెటూరి పబ్బు మన రచ్చబండకి పైకప్పు వేసి బీరు పోసినట్టుంటుంది. ఒక ముసలాయన ఒక్క పైంటు ముందు పెట్టుకుని సాయంత్రమంతా గడిపేస్తాడు. ఊరి చావుపుట్టుకల కబుర్లన్నీ అక్కడే. దాన్ని నడిపే మనిషిని ల్యాండ్‌లార్డ్ అంటారు, ఊళ్ళో అదొక హోదా. టీవీలో 1960 నుంచి నడుస్తున్న సీరియల్ కొరొనేషన్ స్ట్రీట్‌కీ, 1985లో మొదలైన ఈస్ట్‌ఎండర్స్‌కీ గుండెకాయ ఒక పబ్బే. తరాల తరబడి ఆ రెండు పబ్బుల్లో పెళ్ళిళ్ళు విరిగాయి, కొట్లాటలు జరిగాయి, కానీ అద్దె లెక్కలు ముందేసుకుని తల పట్టుకున్న సీను కోసం ఎవరూ టీవీ ముందు కూర్చోరు. రచయిత జార్జ్ ఆర్వెల్ 1946లో తన కలల పబ్బును వర్ణిస్తూ ఒక వ్యాసం రాసి, అలాంటి పబ్బు నిజానికి లేదని చివర్లో తనే ఒప్పుకున్నాడు. ప్రకటనలు రాసేవాళ్ళు ఆయన దగ్గర వర్ణన నేర్చుకున్నారు, ఒప్పుకోలు వదిలేశారు. కంబ్రియా తీరాన పీల్ అనే చిన్న ద్వీపంలో ఒక పబ్బుంది. దాన్ని నడిపేవాడికి ‘పీల్ రాజు’ అని బిరుదు. తుప్పు పట్టిన శిరస్త్రాణం పెట్టి, చేతికి కత్తి ఇచ్చి, నెత్తిన బీరు గుమ్మరించి పట్టాభిషేకం చేస్తారు. తమాషా బాగుంది. ఆ రాజుగారు కూడా స్థానిక కౌన్సిల్‌కి అద్దె కట్టాలి.

కౌంటరుకి ఇవతల నిలబడి చూసేవాడికి ఆ పని గ్లాసు వాల్చి పట్టుకుని పంపు లాగడమే. అసలు పబ్బు కౌంటరు కింద, సెల్లార్‌లో ఉంటుంది. ఇంగ్లండు వాళ్ళు ప్రాణంగా చూసుకునే కాస్క్ ఏల్ అనే బీరు పీపాలోకి ఎక్కాక కూడా పులుస్తూనే ఉంటుంది, దానిలో ఈస్ట్ బతికే ఉంటుంది. ఫర్కిన్ అనే పీపాలో 9 గ్యాలన్లు, అంటే 72 పైంట్లు పడుతుంది. పీపా రాగానే దాన్ని పడుకోబెట్టి కదలకుండా చెక్క ముక్కలు తన్నిపెట్టాలి. పైనున్న బిరడాలోకి గాలి పీల్చే మెత్తటి కర్రమేకు దిగ్గొట్టి లోపలి గ్యాసు పోనివ్వాలి. బుడగలు తగ్గినట్టు చూసుకుని దాన్ని పీకి గట్టి మేకు కొట్టాలి. ముందే తీస్తే బీరు నురగలు కక్కుతుంది, ఆలస్యమైతే చప్పబడుతుంది. మడ్డి అడుక్కి దిగేదాకా ఆగాలి. కుళాయిని కొయ్య సుత్తితో ఒక్క దెబ్బకు దించాలి. రెండో దెబ్బ అవసరమైతే ఆ మధ్యలో బీరు గోడకీ మొహానికీ తగులుతుంది. సెల్లార్ ఎప్పుడూ 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉండాలి. ఇంతా చేసి, కుళాయి దిగిన పీపాకి ఆయుష్షు సుమారు మూడు రోజులు. కౌంటరు మీద మూడు చేతిపంపులు అందంగా ఉంటాయని మూడు పీపాలు తెరిచిన కొత్త ల్యాండ్‌లార్డ్ మూడు రోజుల్లో రెండు వందల పైచిలుకు పైంట్లు అమ్మాలి. మంగళవారం నవంబరు వానలో ఆ ఊళ్ళో తాగే గొంతులు పన్నెండు. మిగిలింది పుల్లబడి మోరీలోకి పోతుంది, దాని డబ్బు అప్పటికే కంపెనీ ఖాతాలో పడి ఉంటుంది. బీరు పైపులు వారం వారం మందు పెట్టి కడగాలి, కడిగినప్పుడల్లా పైపులో ఉన్న బీరు పారబోయాలి. సెల్లార్‌లో గ్యాసు లీకైతే దిగినవాడు పైకి రాకపోవచ్చు. ఇవి కాక మనుషులున్నారు. తూలుతున్నవాడికి పోస్తే చట్టరీత్యా నేరం, పోయకపోతే వాడు రేపటి నుంచి రాడు, వాడి నలుగురు స్నేహితులూ రారు. ఎవరికి, ఏ గ్లాసు దగ్గర, ఏ గొంతుతో ‘ఇవాళ్టికి చాలు’ అనాలో చెప్పే పాఠ్యపుస్తకం లేదు.

పాఠ్యపుస్తకం లేకపోయినా పరీక్ష ఉంది. 2003 నాటి లైసెన్సింగ్ చట్టం ప్రకారం మద్యం అమ్మకానికి బాధ్యత వహించే మనిషికి పర్సనల్ లైసెన్సు ఉండాలి. దానికి ఒక్క రోజు కోర్సు. సాయంత్రం 40 ప్రశ్నలు, 40 నిమిషాలు, నాలుగేసి జవాబుల్లో ఒకటి గుర్తు పెట్టడం. 28 సరిపోతే పాసు. కౌన్సిల్‌కి 37 పౌండ్లు కడితే లైసెన్సు ఇంటికొస్తుంది. అది చట్టం తెలుసా అని అడిగే పరీక్షే తప్ప పబ్బు నడపగలవా అని అడిగేది కాదు. అందులో తప్పేమీ లేదు, దాని పని అంతే. దానికి తోడు పబ్బు కంపెనీల నుంచి అద్దెకు తీసుకునేవాళ్ళకి ఒక ప్రవేశ శిక్షణ కూడా ఉంది, కంప్యూటర్ ముందు కొన్ని గంటల్లో పూర్తవుతుంది. తర్వాత కంపెనీవారు కొన్ని రోజులు తమ శిక్షణ కేంద్రంలో కూర్చోబెట్టి మార్కెటింగ్, పరిశుభ్రత, లెక్కల గురించి చెబుతారు. మన దగ్గర వంటవాడు పొయ్యి దగ్గరకు రావడానికి ముందు ఏళ్ళ తరబడి ఉల్లిపాయలు తరుగుతాడు. అక్కడ మనిషి తన ఇల్లు తాకట్టు పెట్టి, ఉద్యోగం మానేసి వచ్చిన వ్యాపారానికి వారం రోజుల చదువు చాలంటున్నారు.

ఈ ఏర్పాటు ఎలా పుట్టిందో తెలిస్తేగానీ దీని అందం తెలియదు. 1989 దాకా బ్రిటన్‌లో తయారయ్యే బీరులో నాలుగింట మూడొంతులు ఆరు పెద్ద కంపెనీలదే. వాటికి సొంత పబ్బులు వేలల్లో ఉండేవి, వాటిలో వాటి బీరే అమ్మాలి. ఇది పోటీకి హాని అని ఆ ఏడాది గుత్తాధిపత్య కమిషన్ తేల్చింది. ప్రభుత్వం బీర్ ఆర్డర్స్ తెచ్చింది. 2,000 పబ్బులకు మించి ఉన్న బీరు కంపెనీ, పైనున్న వాటిలో సగాన్ని 1992 నవంబరు నాటికి అమ్మనైనా అమ్మాలి, కట్టుబాటు నుంచి విడిచిపెట్టనైనా పెట్టాలి. ఉద్దేశం మంచిదే. అయితే ఆ ఆంక్ష బీరు కాచేవాళ్ళకే గాని, బీరు కాచకుండా పబ్బులు మాత్రమే సొంతం చేసుకునేవాళ్ళకి కాదు. ఆ సందులోంచి కొత్త జాతి పుట్టింది. పంచ్ టావెర్న్స్, ఎంటర్‌ప్రైజ్ ఇన్స్ లాంటి కంపెనీలు అప్పులు తెచ్చి పబ్బులు కొన్నాయి. 2000 దశకం మధ్యకు ఆ రెంటిలో ఒక్కోదానికీ ఎనిమిది తొమ్మిది వేల పబ్బులున్నాయి. తమకు అద్దె కట్టేవాడు బీరు కూడా తమ దగ్గరే, తాము చెప్పిన ధరకే కొనాలన్న షరతు మాత్రం పాత కాపుల దగ్గర నుంచి అలాగే తీసుకున్నాయి. అద్దెదారు బయట చవకగా కొంటున్నాడేమోనని సెల్లార్ పైపులకు బీరు ఎంత పారిందో కొలిచే మీటర్లు కూడా బిగించాయి. గుత్తాధిపత్యాన్ని ఇలా రద్దు చేయడం ఇంగ్లీషువాళ్ళకే చెల్లింది.

ఇక అసలు లెక్కకు వద్దాం. పబ్బు అద్దె మామూలు షాపు అద్దెలా చదరపు అడుగుల మీద కట్టేది కాదు. ఆ పబ్బులో ఎంత వ్యాపారం జరగాలి అన్న అంచనా మీద కడతారు. జరిగిన వ్యాపారం మీద కాదు, జరగాల్సిన వ్యాపారం మీద. ఆ అంచనాకు విలువ కట్టేవాళ్ళు ఒక ఊహామానవుణ్ణి నిలబెడతారు. అతను తగినంత సమర్థుడు. సెల్లార్ తెలుసు, లెక్కలు తెలుసు, సిబ్బందిని ఎప్పుడు ఎందరిని పెట్టుకోవాలో తెలుసు, వంటింట్లో వృథా కానివ్వడు. అలాంటివాడు ఈ పబ్బు నడిపితే ఏడాదికి ఎంత అమ్ముతాడు, అందులో బీరు కొనుగోలు, జీతాలు, కరెంటు, పన్నులు తీసేస్తే ఎంత మిగులుతుంది అని వేసి, ఆ మిగులులో సగానికి అటూఇటూగా అద్దె అంటారు. నిజంగా నడుపుతున్నవాడు మహా ఘటికుడైనా, ఉత్త వెర్రిబాగులవాడైనా ఈ లెక్కకు అనవసరం. పద్ధతిగా చూస్తే ఇందులో న్యాయమే ఉంది. ఒకడి తెలివికి అద్దె పెంచకూడదు, ఒకడి చేతకానితనానికి తగ్గించకూడదు. కానీ ఇదే కంపెనీ ప్రకటన విభాగం పక్క గదిలో కూర్చుని ‘అనుభవం అవసరం లేదు’ అని రాస్తోంది. అద్దె వేసేటప్పుడు ఆరితేరినవాడు కావాలి, సంతకం పెట్టించుకునేటప్పుడు ఓనమాలు రానివాడైనా ఫరవాలేదు. ఈ ఇద్దరి మధ్య తేడా ఎన్ని వేల పౌండ్లో, అన్ని వేలూ కొత్తవాడు తన జేబులోంచి కడతాడు. తన ఉద్యోగం ఊడినప్పుడు వచ్చిన పరిహారం, పెన్షన్ ముల్లె, అత్తగారిచ్చిన అప్పు, అన్నీ ఆ ఊహామానవుడి సామర్థ్యానికి రుసుము. నేర్చుకోవడానికి రెండు మూడేళ్ళు పడుతుందని లెక్క తెలిసినవాళ్ళు ఒప్పుకుంటారు. ఆ రెండు మూడేళ్ళకు అద్దె మాత్రం మొదటి రోజు నుంచే నేర్చుకున్నవాడిది.

ఇది ఊహ కాదు. 2009లో బ్రిటిష్ పార్లమెంటు వాణిజ్య కమిటీ పబ్బు కంపెనీల మీద నివేదిక ఇచ్చింది. సర్వేలో జవాబిచ్చిన లీజుదారుల్లో 67 శాతం మంది సంపాదన ఏడాదికి 15,000 పౌండ్ల లోపు. ఏడాదికి 5 లక్షల పౌండ్లు దాటిన వ్యాపారం చేసే పబ్బుల్లో కూడా సగం మందికి పైగా లీజుదారులది ఇదే పరిస్థితి. పబ్బు నడిపేవాడు వారానికి 60 గంటలే పనిచేస్తాడనుకుందాం, నిజానికి ఆ 60 సెలవు వారం కింద లెక్క. 15,000ని ఆ గంటలతో భాగిస్తే గంటకు 4 పౌండ్ల 81 పెన్నీలు. అప్పటి కనీస వేతనం 5 పౌండ్ల 73 పెన్నీలు. అంటే కౌంటరు దగ్గర గ్లాసులు కడిగే పిల్లకి యజమాని కన్నా గంటకు దాదాపు ఒక పౌండు ఎక్కువ, పైగా ఆ పిల్ల పది గంటలకు ఇంటికి పోతుంది. యజమానికి కనీస వేతన చట్టం వర్తించదు, ఎందుకంటే ఆయనకు ఆయనే యజమాని. ప్రకటనలో ఇచ్చిన మాట కంపెనీ అక్షరాలా నిలబెట్టుకుంది. ఆ సంవత్సరాలు అసలే గడ్డువి, అది కూడా చెప్పాలి. 2007 జులై 1న ఇంగ్లండు పబ్బుల్లో పొగ మానిపించారు, 2008లో బీరు మీద సుంకం ఏటా ద్రవ్యోల్బణాన్ని మించి పెరిగేలా కట్టారు, అదే ఏడాది బ్యాంకులు కూలాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు. కానీ ఆ పోటు పడింది ఎవరి వేలి మీదో చూడండి. అద్దె తగ్గలేదని మొరపెట్టుకున్నవాళ్ళు అద్దెదారులు. పాతవాడు చేతులెత్తేసి వెళ్ళిపోతే కొత్తవాడు మళ్ళీ అడ్వాన్సు కట్టి, కుర్చీలూ బల్లలూ మళ్ళీ కొని, మళ్ళీ శిక్షణకు కూర్చుంటాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్న సామెత మనది గాని, దాన్ని వ్యాపార నమూనాగా మార్చిన ఘనత వాళ్ళది.

అనుభవం నిజంగా అవసరం లేదని కంపెనీలు నమ్ముతున్నాయా అన్న సందేహానికి జవాబు వాళ్ళ ఇంకో ప్రకటనలోనే దొరుకుతుంది. చాలా కంపెనీలకు అద్దెకిచ్చే పబ్బులతో పాటు తామే మేనేజర్‌ని పెట్టి నడుపుకునే పబ్బులూ ఉన్నాయి. అక్కడ నష్టం వస్తే కంపెనీదే. ఆ మేనేజర్ ఉద్యోగానికి ఏమడుగుతారు? ఇదే రంగంలో పనిచేసిన అనుభవం, సిబ్బందిని నడిపిన అనుభవం, లాభనష్టాల పద్దు చూసిన అనుభవం. ఒకే తరహా సెల్లార్, ఒకే తరహా పంపులు, ఒకే తరహా తాగుబోతులు. నష్టం ఎవరిదన్నదాన్ని బట్టి అర్హత మారుతోంది. కంపెనీ డబ్బు పెట్టేచోట అనుభవం కావాలి, మీ డబ్బు పెట్టేచోట ఉత్సాహం చాలు.

టిమ్ మార్టిన్ సంగతేమిటని వెంటనే అడుగుతారు. లా చదివిన కుర్రాడు, పబ్బు రంగంలో ఏ అనుభవమూ లేదు, 1979లో ఉత్తర లండన్ మజ్వెల్ హిల్‌లో ఒక పబ్బు తీసుకున్నాడు, అదే ఇవాళ్టి వెదర్‌స్పూన్ పబ్బుల సామ్రాజ్యం. నిజమే. కానీ ఆయన ఏ కంపెనీ బీరుకూ కట్టుబడలేదు. ఎవరి దగ్గర చవకో వాళ్ళ దగ్గర కొన్నాడు, చవకగా అమ్మాడు, తప్పులు చేస్తే తన ధరల్లోనే సర్దుకున్నాడు. ఆయన కథ చెప్పాల్సింది స్వేచ్ఛగా కొనే హక్కు కావాలని అడిగేవాళ్ళు. దాన్ని కట్టుబాటు లీజు అమ్మేవాళ్ళు గోడకు తగిలించుకోవడం గమ్మత్తు. జెరెమీ క్లార్క్‌సన్ ఉదాహరణ ఇంకా తాజాది. కార్ల ప్రోగ్రాములతో కోటీశ్వరుడైన టీవీ మనిషి 2024 ఆగస్టులో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ‘ది ఫార్మర్స్ డాగ్’ అనే పబ్బు తెరిచాడు. స్థలం సొంతం, అద్దె లేదు, ప్రచారానికి పైసా ఖర్చు లేదు, మొదటి రోజు నుంచీ బయట క్యూలు. అయినా నష్టాలొస్తున్నాయని, ఒక్క ఆదివారం నాడే 104 పైంటు గ్లాసులు జనం ఎత్తుకుపోయారని ఆయనే పత్రికలో రాసుకున్నాడు. క్షవరమైతేగాని వివరం తెలియదంటారు. ఆయన తల మీద జుట్టు సమృద్ధిగా ఉంది కాబట్టి తట్టుకున్నాడు. 104 గ్లాసులు పోయిన ఆదివారం తర్వాత సోమవారం పొద్దున అద్దె కట్టాల్సినవాడి సంగతి ఏ పత్రికా అచ్చువేయదు.

ఇంకో అభ్యంతరం దీనికన్నా బరువైనది, మనవాళ్ళకు దగ్గరిది కూడా. బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల స్మెథిక్, వెస్ట్ బ్రామ్‌విచ్ ప్రాంతాల్లో పంజాబీలు నడిపే ‘దేశీ పబ్బులు’ ఉన్నాయి. ఫౌండ్రీల్లో పనిచేయడానికొచ్చిన భారతీయులను 1960ల్లో అక్కడి పబ్బులు లోపలికి రానివ్వలేదు, రానిచ్చినా వేరే గదిలో కూర్చోబెట్టాయి. ఆ వివక్షను చూడ్డానికి 1965 ఫిబ్రవరిలో అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ స్వయంగా స్మెథిక్ వచ్చాడు. తర్వాతి దశాబ్దాల్లో తెల్లవాళ్ళు నడపలేక వదిలేసిన పబ్బులను ఆ వివక్ష చూసిన సమాజం వాళ్ళే తీసుకుని, బీరుతో పాటు తందూరీ, మిక్స్‌డ్ గ్రిల్ పెట్టి నిలబెట్టారు. వాళ్ళలో చాలామందికి పబ్బు వ్యాపారం కొత్తే కదా? కొత్తేగాని, ఒంటరిగా రాలేదు. వంటింట్లో వంట తెలిసినవాళ్ళున్నారు, కౌంటరు దగ్గర కుటుంబం ఉంది, తలుపు తెరవకముందే వస్తామని చెప్పిన వాడుకదార్లున్నారు, ఏ పబ్బులో తమకు ఏమి దొరకలేదో కస్టమర్లుగా తెలిసిన ఇరవై ఏళ్ళ చేదు ఉంది. దాన్ని అనుభవం కాదనడానికి నోరెలా వస్తుంది? ప్రకటన చూసి కార్డిఫ్ నుంచి కార్న్‌వాల్‌కి బయల్దేరిన విశ్రాంత బ్యాంకు ఉద్యోగి దగ్గర వీటిలో ఒక్కటీ ఉండదు, చలిమంట ఫొటో తప్ప. అలాగే కంబ్రియాలో హెస్కెట్ న్యూమార్కెట్ అనే ఊరివాళ్ళు 2003లో తమ ‘ఓల్డ్ క్రౌన్’ పబ్బును సహకార సంఘంగా కొనుక్కున్నారు, దేశంలో అలాంటిది అదే మొదటిది. తర్వాత అలాంటివి చాలా వచ్చాయి, మూతపడేవి అరుదు. వాటాదారులు రైతులూ టీచర్లూ. పబ్బు కొన్నారు గాని, సాధారణంగా పీపాకి కుళాయి దించడానికి మాత్రం పని తెలిసినవాళ్ళనే వెతుక్కుంటారు.

పెద్దమనుషులు, చదువుకున్నవాళ్ళు, లాయర్‌ని సంప్రదించి సంతకం పెట్టారు, ఇందులో మోసం ఎక్కడుందని కంపెనీల తరఫువాళ్ళు అంటారు. పైగా ఇప్పుడు పబ్బు కంపెనీలకు చట్టబద్ధమైన నియమావళి ఉంది కదా అంటారు. ఉంది. అందులో బీరు కట్టుబాటు వదులుకునే హక్కు మాత్రం 2014 నవంబరు 18న కామన్స్ సభలో ప్రభుత్వం 269 ఓట్లకు 284తో ఓడిపోయి మరీ వచ్చింది. నియమావళి 2016 జులై 21 నుంచి ఇంగ్లండు, వేల్స్‌లో 500కి తక్కువ కాకుండా కట్టుబాటు పబ్బులున్న కంపెనీలకు వర్తిస్తోంది. సంతకానికి ముందు సమాచారం ఇవ్వాలి, ప్రవేశ శిక్షణ అయిందో లేదో చూడాలి, వ్యాపార ప్రణాళిక రాయించాలి. ఇక ఆ హక్కంటే, బీరు కట్టుబాటు వదులుకుని మార్కెట్ అద్దె మాత్రమే కట్టడం. అయితే ఆ హక్కు తలుపు దగ్గరే చేతికివ్వరు. అద్దె సమీక్షో, లీజు పునరుద్ధరణో, ధరలు భారీగా పెరగడమో జరిగినప్పుడే అడగాలి. కొత్తవాడికి ఆక్సిజన్ కావాల్సింది మొదటి రెండేళ్ళు, సిలిండర్ వచ్చేది అయిదో ఏట. వచ్చినా తేలిగ్గా ఇచ్చారా అంటే, ఆ హక్కు అడిగినవాళ్ళ మీద తన బీరే ఎక్కువగా అమ్మాలని షరతులు పెట్టినందుకు హైనెకెన్ వారి స్టార్ పబ్స్ కంపెనీకి 2020 అక్టోబరులో నియమావళి న్యాయనిర్ణేత 20 లక్షల పౌండ్ల జరిమానా వేశారు. ఇష్టపడి చేసిన సంతకం అన్న వాదన నాకు నచ్చుతుంది. ఇష్టం తెలిసి పుట్టాలన్నది మాత్రమే నా మెలిక. తెలియనివాణ్ణే ఏరికోరి పిలిచి, తెలిసి సంతకం పెట్టావుగా అనడం రెండు నాలుకల మాట. కొత్తవాళ్ళు రాకపోతే పబ్బులు మూతపడతాయన్న బెదిరింపు కూడా ఇలాంటిదే. 2000లో ఆ దేశంలో 60 వేల పైచిలుకు పబ్బులుండేవి, ఇప్పుడు 45 వేల దగ్గరికొచ్చాయి. కొత్తవాళ్ళు వస్తూనే ఉన్నారు, పబ్బులు మూతపడుతూనే ఉన్నాయి. ఏడాదికొక మనిషిని మింగే పబ్బు మూతపడకుండా ఉన్నట్టు కనిపిస్తుంది, అంతే.

ఇదంతా చదివి నవ్వుకునే హక్కు మనకు పూర్తిగా లేదు. ఆశావహుల గుంపే ఆదాయ మార్గమని మన ప్రభుత్వాలు కంపెనీల కన్నా ముందే కనిపెట్టాయి. తెలంగాణలో 2023లో 2,620 మద్యం షాపులకు 1.31 లక్షల దరఖాస్తులు వచ్చాయి. దరఖాస్తుకు అప్పట్లో 2 లక్షలు, తిరిగివ్వరు. ఒక్క చుక్క అమ్మకముందే ఖజానాకు 2,600 కోట్లకు పైగా జమ. ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరులో 3,396 షాపులకు దాదాపు 90 వేల దరఖాస్తులు, దాదాపు 1,800 కోట్లు. అనుభవం ఎవరూ అడగలేదు, లక్కీ డ్రాకి అనుభవం దేనికి? అయినా ఒక తేడా ఒప్పుకోవాలి. మన దగ్గర డ్రాలో పోతే దరఖాస్తు డబ్బు పోతుంది, ఆ పోవడం ఒక్క రోజులో తేలిపోతుంది. అక్కడ డ్రా గెలిచినవాడికే అసలు పోవడం మొదలవుతుంది.

కాబట్టి పబ్బు కంపెనీలకు ఒక చిన్న సవరణ ప్రతిపాదిస్తున్నాను. ‘అనుభవం అవసరం లేదు’ అన్న వాక్యం తీసేయనక్కర్లేదు, ఉంచండి, బాగుంది. దాన్ని అద్దె వేసేవారి గదిలో కూడా తగిలించండి. మొదటి మూడేళ్ళ అద్దెను అనుభవం లేనివాడు ఎంత అమ్ముతాడో ఆ అంచనా మీద కట్టండి. ఒక్క కంపెనీ అలా చేసినా ఆ ప్రకటన నిజమని ఒప్పుకుంటాను. ఇక రెడింగ్‌లోనో స్లౌలోనో స్థిరపడి, సాఫ్ట్‌వేర్ విసుగెత్తి, ఒక పబ్బు తీసుకుని వంటింట్లో గుంటూరు కోడివేపుడు పెడితే ఎలా ఉంటుందని ఆలోచిస్తున్న తెలుగువారికి: బాగానే ఉంటుంది, ఆ ఊరికి నాలుగు కొత్త రుచులు తెలుస్తాయి. సంతకానికి ముందు మాత్రం మీకన్నా ముందు అయిదేళ్ళలో ఆ పబ్బు ఎంతమంది చేతులు మారిందో అడగండి, వాళ్ళు ఎందుకు వెళ్ళిపోయారో ఆ ఊళ్ళోనే కనుక్కోండి, అద్దె లెక్క కాగితం మీద వేయించుకుని అందులోని సమర్థుడు ఎవరో చూపించమనండి. అనుభవమంటారా, కౌంటరు దగ్గరా సెల్లార్‌లోనూ పనిచేయడానికి మనుషులు కావాలని అక్కడ ఊరూరా పబ్బులు అడుగుతూనే ఉన్నాయి. ఆర్నెల్లు చేరితే గంటల లెక్కన జీతమిచ్చి నేర్పుతారు.